మర్యాద మనిషికి, లెక్క అందరికి

(శతాబ్ది ఉత్సవాల సందర్భంగా పాఠశాలల, వసతి గృహాల, ఆసుపత్రుల నిర్వాహకుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



‘మన విలువలు, మన సంస్థల నిర్వహణ’ అనే అంశంపై మాట్లాడవలసిందని నన్ను కోరినారు. నేను నిర్వహణ శాస్త్రం చదివినవాణ్ణి కాను. బడిపంతులుగా ప్రవేశించి, హాస్టలు వార్డెనుగా, ఆ తరువాత కార్యదర్శిగా పనిచేసి విశ్రాంతి తీసికొంటున్నవాణ్ణి. కనుక పుస్తకాల సంగతి కొంచెము, మన ఊళ్ల సంగతి ఎక్కువగా చెప్పుకొంటాను. ఒక తప్పును గురించి కూడ చెప్పవలసి ఉన్నది. అది నా తప్పే. దానితోనే మొదలుపెడతాను.

అది 1986వ సంవత్సరం, ఎండాకాలం. పాలమూరు ప్రాంతంలోని ఒక ఊరిలో నేను బాలుర హాస్టలుకు వార్డెనుగా ఉన్నాను. అరవై రెండు మంది పిల్లలు. బావి ఎండిపోయింది. కమిటీవారు బోరు వేయించడానికి డబ్బు మంజూరు చేసి, ఎక్కడ వేయాలన్నది నాకు విడిచిపెట్టినారు. వంటశాల వెనుక ఖాళీ జాగా నాకు అనుకూలంగా కనిపించింది. వంటవారికి దగ్గర, పైపు ఖర్చు తక్కువ. పనివారినందరినీ పిలిచి కూడిక పెట్టి సంగతి చెప్పినాను. ‘ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా?’ అని అడిగినాను కూడ. ఎవరూ మాట్లాడలేదు. నీళ్లు మోసే పెద్దయ్య ఒకాయన గోడ పక్కన తలవంచుకొని నిలబడి ఉన్నాడు. నేను దానిని ఒప్పుకోలుగానే తీసికొన్నాను.

బోరులో నీళ్లు పడినవి. అందరం సంతోషించినాము. తొలకరి వానలు కురిసిన మూడవ వారంలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకొన్నవి. పదకొండు మంది మంచాన పడినారు. ఏడవ తరగతి చదివే ఒక పిల్లవాణ్ణి జీపులో పడుకోబెట్టుకొని జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోయినాము. రెండు రాత్రులు సెలైను ఎక్కుతూ ఉంటే నేను మంచం పక్కనే కూర్చున్నాను. దేవుని కృపచేత బ్రతికినాడు. అయితే వాళ్ల నాయన వచ్చి పిల్లవాణ్ణి ఊరికి తీసికొనిపోయినాడు. మళ్లీ బడికి పంపలేదు.

తరువాత తెలిసిన సంగతి ఇది. నేను ఆ ఊరికి రాక మునుపు సరిగ్గా ఆ జాగాలోనే పాత పాయిఖానా గుంట ఉండేది. దానిని మట్టి పోసి పూడ్చినది ఆ పెద్దయ్యే. ఆ సంగతి ఏ ఫైలులోనూ లేదు, ఆయన తలలో ఉన్నది. ‘పెద్దయ్యా, ఎందుకు చెప్పలేదు?’ అని అడిగినాను. ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవులలో ఉన్నది. ‘సారూ, తమరు సదువుకున్నోళ్లు. కుర్చీల మీద కూసున్న పెద్దలంత సరే అన్నంక, నీళ్లు మోసెటోణ్ణి నేను నడిమిట్ల నోరు తెరిస్తే మర్యాద ఉంటదా?’

ఆయనకు నా మీద కోపం లేదు. పని మీద నిర్లక్ష్యం లేదు. తన తల్లిదండ్రులు నేర్పిన మర్యాదను నాకు ఇచ్చినాడు. ఆ మర్యాదే పిల్లల ప్రాణాల మీదికి వచ్చింది. నిర్ణయం తీసికొన్నవాడు చీకటిలో ఉన్నాడు, వెలుగు ఉన్నవాడు మర్యాద కొరకు మౌనంగా ఉన్నాడు. ఈ నాటి నా ప్రసంగమంతా ఈ ఒక్క సంగతిని గురించే.

నాలుగు విలువలు

మనం పనిచేసే చోట మన నిర్ణయాలను నడిపించే విలువలు ముఖ్యంగా నాలుగని నాకు తోచినది. మర్యాద, మొగమాటం, మనవాడనే మమకారం, గుట్టు. వీటిని సర్వీసు రూల్సులో ఎవరూ వ్రాయలేదు. అయినా ఆ రూల్సు కంటె ఇవే ఎక్కువగా పనిచేస్తవి.

మర్యాద సంగతి చూచినాము. మొగమాటం అనే మాటకు ఇతర భాషలలో సరియైన మాట దొరకడం కష్టం. హెడ్మాస్టరుగారి ప్రయాణ బిల్లులో కూడిక తప్పినట్టు గుమాస్తా చూస్తాడు. ముఖాన చెప్పలేడు. బిల్లు పాసవుతుంది. సాయంత్రం అరుగు మీద అదే సంగతి నలుగురితో చెప్పుకొంటాడు. ఎదుట చెప్పితే దిద్దుబాటు అయ్యే మాట, వెనుక చెప్పుకొనేసరికి చాడీ అవుతుంది.

మనవాడనే మమకారంలో గొప్ప బలం ఉన్నది. అర్ధరాత్రి ఆసుపత్రిలో రక్తం కావలసి వస్తే పరుగెత్తి వచ్చేది మనవాళ్లే. కాని సమాచారం కూడ ఆ దారిలోనే నడుస్తుంది. ఫలానా పోస్టు ఖాళీ అయిందన్న సంగతి నోటీసు బోర్డు మీదికి ఎక్కక మునుపే కొందరి ఇండ్లలో తెలిసిపోతుంది. చుట్టరికం లేనివానికి, వేరే కులం నుండి, వేరే ఊరి నుండి వచ్చినవానికి గడువు దాటిన తరువాత తెలుస్తుంది. ఎవరూ అన్యాయం చేయాలని అనుకోలేదు. భోజనాల దగ్గర మాటల్లో వచ్చింది, అంతే.

ఇక గుట్టు. ఇంటి గుట్టు లంకకు చేటు అని మన పెద్దలు అన్నారు. మంచి మాటే. కాని సంస్థ ఒక్కరి ఇల్లు కాదు గదా! ఈ గుట్టు మన ప్రాంతంలో ఎంత లోతుగా నాటుకొన్నదో తెలియాలంటే మన చరిత్రను కొంచెం చూడాలి.

దస్తరం నుండి మేస్త్రీ పుస్తకం దాకా

ఇక్కడ కూర్చున్న పెద్దలకు దస్తరం అంటే తెలుసు. గుడ్డలో మూటకట్టిన ఊరి కాగితాలు. నిజాం కాలం నుండి మన గ్రామాలలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఉండేవారు. భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు, శిస్తు ఎంత అన్న లెక్క పట్వారీ చేతిలో ఉండేది. ఆ పదవులు వంశపారంపర్యం కనుక దస్తరం కూడ తండ్రి నుండి కొడుకుకు వచ్చేది. సర్కారు భాష ఉర్దూ, రైతుకు తెలిసినది తెలుగు, అదీ చదువ రాదు. తన భూమి పహాణీలో ఏ పేరు మీద ఉన్నదో తెలిసికొనడానికి రైతు పట్వారీ ఇంటి ముందు చెప్పులు విడిచి నిలబడవలెను. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనే మాట ఆ విధంగా నిలబడిన మనిషి నోటి నుండి వచ్చినదే.

1946 నుండి 1951 వరకు నల్లగొండ నేల మీద నడిచిన రైతాంగ పోరాటంలో ప్రజలు దొరల గడీల మీదికి పోయినప్పుడు అప్పు పత్రాలను తగులబెట్టినారు. తమను కట్టివేసింది ఆ కాగితాలేనని చదువు రానివారికి కూడ తెలుసు. చివరకు 1984లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం ఈ వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. పదవి పోయింది. కాని ‘కాగితం నా దగ్గరే ఉండాలి, అడిగినప్పుడు ఇస్తాను’ అనే అలవాటు పోయిందా? మన ఆఫీసులలో బీరువా తాళం జేబులో వేసికొని సెలవు మీద పోయే గుమాస్తాను నేను చూచినాను. ఒక కాలంలో నేనే అట్లా పోయినాను కూడ.

పాలమూరు సోదరులకు ఇంకొక పుస్తకం తెలుసు. అది గుంపు మేస్త్రీ పుస్తకం. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు. 1967లో కాలువలకు నీరు విడిచినారు. రాతితో కట్టిన అంత పెద్ద ఆనకట్ట వేలమంది చేతుల కష్టం. సాగరు, శ్రీశైలం మొదలుకొని దేశంలోని ఎన్నో ప్రాజెక్టులలో పాలమూరు కూలీల చెమట ఉన్నది. వారిని పనికి తీసికొనిపోయేది సొంత ఊరి మేస్త్రీ. కరువు కాలంలో అడ్వాన్సు ఇస్తాడు. పని చోట తిండి ఖర్చుకు ఇస్తూ మిగిలినది సీజను ఆఖరున చెప్పుతాడు. ఎన్ని ఘనపుటడుగుల మట్టి తీసినారో ఇంజనీరు కొలతల పుస్తకంలో ఉంటుంది, అడ్వాన్సు ఎంతో మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. తీసినవాని దగ్గర ఏ పుస్తకమూ ఉండదు. మేస్త్రీ మనవాడే, చుట్టమే, ‘అన్నా’ అని పిలిచేవాడే. అందుచేత లెక్క అడగడానికి మొగమాటం. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. వలస కూలీల చట్టం 1979లో వచ్చింది. చట్టం వచ్చిన తరువాత కూడ ఆ మొగమాటం చాలకాలం మేస్త్రీ పుస్తకాన్ని కాపాడింది.

నాలుగు విలువలూ ఇక్కడ ఒకేసారి పనిచేసినవి గమనించినారా? కూలివాడు మర్యాద చూపినాడు, మొగమాటపడినాడు, మనవాడని నమ్మినాడు. లెక్క మాత్రం గుట్టుగా ఉండిపోయింది.

లోకం ఏమంటున్నది?

ఇది మన ఒక్కరి జబ్బు అని అనుకొనవద్దు. హాలండు దేశపు పండితుడు గీర్త్ హోఫ్‌స్టెడె ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసే వివిధ దేశాల ఉద్యోగుల నుండి 1967, 1973 మధ్య లక్షకు పైగా ప్రశ్నాపత్రాలు సేకరించి, 1980లో ఒక గ్రంథం ప్రకటించినాడు. పై అధికారికీ క్రింది ఉద్యోగికీ మధ్య దూరాన్ని ఉద్యోగులు ఎంత సహజంగా ఒప్పుకొంటారన్నదానికి అంకెలు వేసినాడు. అమెరికాకు 40, డెన్మార్కుకు 18 రాగా మన దేశానికి 77 వచ్చింది. ఒకే కంపెనీ ఉద్యోగులను అడిగి వేసిన లెక్క కనుక ప్రతి మనిషికీ దానిని అంటగట్టరాదు. అయినా ఆ 77 అంకె చూచినప్పుడు నాకు గోడ పక్కన తలవంచుకొని నిలబడిన పెద్దయ్య కనిపించినాడు.

అట్లని పడమటి దేశాల పద్ధతిని తెచ్చి ఇక్కడ అంటు కడితే సరిపోతుందా? పాట్నాలో పరిశోధనలు చేసిన మన దేశపు మనస్తత్వవేత్త జె.బి.పి. సిన్హా 1980లోనే దీనికి జవాబు వ్రాసినాడు. ఆయన ఆలోచన ప్రకారం మన పనివారు పై అధికారిలో ఇంటిపెద్దను వెదుకుతారు. కనుక మొదట ఇంటిపెద్దవలె ప్రేమగా చూడాలి, కాని ఆ ప్రేమ పనితో ముడిపడి ఉండాలి. పని నేర్చుకొని ధైర్యం వచ్చినకొద్దీ నిర్ణయాలలో వారికి భాగం ఇస్తూ పోవాలి. అంటే మన విలువను విడిచిపెట్టనక్కరలేదు, దానినే మెట్టుగా వాడుకొనవచ్చును.

సంఘ చరిత్రలో కూడ ఈ ప్రశ్న ఉన్నది. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్యగారు లేచి, మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య ఉన్న దూరాన్ని గురించి మాట్లాడినారు. జీతమిచ్చేవాడు, జీతం పుచ్చుకొనేవాడు అన్న సంబంధం చాలదని, మాకు స్నేహితులు కావాలని ఆ సభలో అడిగినారు. ఆ మాట కొందరికి రుచించలేదు. రెండేండ్ల తరువాత, 1912 డిసెంబరులో, ఆయనే దోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకం పొందినారు. మన పెద్దలు ఆ ప్రశ్నను దొరలను అడిగినారు, బాగున్నది. ఇప్పుడు ఆ కుర్చీలలో కూర్చున్నది మనమే. మన దగ్గర పనిచేసే ఆయాకు, వాచ్‌మనుకు, వంటమనిషికి మనం స్నేహితులమా, జీతగాళ్ల యజమానులమా?

పరిశుద్ధ గ్రంథంలో నయమాను కథ మీ అందరికీ తెలిసినదే. సిరియా సైన్యాధిపతికి దారి చూపిన మొదటి సమాచారం చెరపట్టబడిన ఒక చిన్నదాని నోటి నుండి వచ్చింది. ఆయన కోపంతో తిరిగి పోతూ ఉంటే దాసులు దగ్గరకు వచ్చి ‘తండ్రీ’ అని మర్యాదగా పిలిచి నిజం చెప్పినారు. మర్యాద, నిజం రెండూ ఒకే నోట ఇమిడినవి. ఆ మహాధిపతి క్రిందివారి మాట విన్నాడు కనుక బాగుపడినాడు.

అడిగే పద్ధతి

ఇక మన నేల మీదనే జరిగిన మంచి సంగతులు చూద్దాము. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేగారు నల్లగొండ జిల్లా పోచంపల్లికి వచ్చినారు. హరిజనవాడకు పోయి మీకేమి కావాలని అడిగినారు. ఎనభై ఎకరాలు, నలభై తరి, నలభై ఖుష్కి అని వారు చెప్పినారు. ఆ కోరికను ఆయన అక్కడే నలుగురి ముందూ పెట్టినారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అట్లా పుట్టింది. ఆ ఉద్యమం తరువాత ఎట్లా నడిచిందన్నది వేరే సంగతి. నేను చూడమనేది ఒక్కటే. బీదవాని దగ్గర ఖచ్చితమైన లెక్క ముందే ఉన్నది. ఆయన గడపకు పోయి అడిగేవరకు అది బయటికి రాలేదు.

ఇంకొకటి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశంగారి తల్లి లక్ష్మమ్మగారు చీరలకు ఆసు పోసేది. ఒక చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పవలెను. భుజం నొప్పి. పోచంపల్లి చీర ధర ఎంత, నూలు ధర ఎంత, రంగు ధర ఎంత అన్నది అందరి పుస్తకాలలో ఉన్నది. ఆడవారి భుజం నొప్పి ఏ పుస్తకంలో ఉన్నది? ఆసు పోసే స్త్రీలు పెద్దల ముందు ఆ మాట చెప్పుకొనలేదు, పెద్దలు అడుగలేదు. కొడుకు విన్నాడు. ఏండ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేసినాడు, దానికి తల్లి పేరు పెట్టినాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేను అడుగుతున్నాను, మన ఆసుపత్రులలో, బళ్లలో ఎందరు స్త్రీల భుజం నొప్పి ఏ రిజిస్టరులోనూ ఎక్కకుండా ఉన్నది?

మూడవది అన్నిటికంటె పెద్దది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో దేశంలోని 200 జిల్లాలలో మొదలైనప్పుడు అందులో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నవి. ఆ చట్టం 17వ సెక్షను పనుల లెక్కను గ్రామసభ తనిఖీ చేయాలన్నది. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానిని కాగితం మీద ఉంచక సామాజిక తనిఖీగా నడిపించింది. 2009లో దానికొక స్వతంత్ర సంస్థనే పెట్టింది. ఆ పద్ధతి చూడండి. తనిఖీ చేసే పిల్లలు కూలీల కుటుంబాలవారే, అయితే ఆ ఊరివారు కారు. ఎందుకు? సొంత ఊరైతే ఫీల్డ్ అసిస్టెంటు మేనల్లుడో, పక్కింటివాడో అవుతాడు, మొగమాటం అడ్డం వస్తుంది. వారు ఇంటింటికి పోయి మస్టరులో ఉన్నది చదివి వినిపించేవారు. నీవు ఈ వారం ఆరు దినాలు పనికి పోయినట్టు ఉన్నది, ఇంత డబ్బు ముట్టినట్టు ఉన్నది, నిజమేనా అని అడిగేవారు. వాడు దొంగా అని అడుగలేదు. పని దినాలు అడిగినారు. ఆ తరువాత గ్రామసభలో, మండల కేంద్రంలో ప్రజావేదికలో, అధికారుల సమక్షంలో అదంతా చదివేవారు.

ఒక మండలంలో నేను వెనుక వరుసలో కూర్చొని విన్నాను. ఒక ముసలమ్మ పేరు చదివి పన్నెండు దినాలు పనిచేసినట్టు ఉన్నదన్నారు. ఆమె లేచి, ‘అయ్యా, ఆ దినాలల్ల నేను బిడ్డ కాన్పుకు పోయిన, ఊర్లెనే లేను’ అన్నది. గొంతు పెంచలేదు, ఎవరినీ తిట్టలేదు. అధికారులను ‘అయ్యా’ అనే పిలిచింది. మర్యాద చెడలేదు, లెక్క బయటపడింది. ఆ తనిఖీలలో తేలిన సొమ్మంతా తిరిగి వసూలు కాలేదు, శిక్షలన్నీ అమలు కాలేదు. అయినా దస్తరం మూటను ఊరి నడుమ విప్పి చదివినది మన చరిత్రలో చిన్న సంగతి కాదు.

నల్లబల్ల మీద లెక్క

బోరు సంగతి తరువాత నేను చేసిన పనిని కూడ చెప్పుకొంటాను. ముందు కూడిక పెట్టి, ఇకమీదట అందరూ ధైర్యంగా మాట్లాడండి అన్నాను. మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. పెద్దవాడు మాట్లాడమన్నంత మాత్రాన నోరు పెగలదని అప్పుడు తెలిసినది. తరువాత పద్ధతి మార్చినాను. ప్రొద్దున బావి దగ్గరకు పోయి పెద్దయ్య పక్కన గట్టు మీద కూర్చొనేవాణ్ణి. ‘ఇది మంచిదేనా?’ అని అడిగితే ‘మంచిదే సారూ’ అనేవాడు. ‘ఇందులో ఏమి చెడే అవకాశం ఉన్నది?’ అని అడిగితే వరుసగా చెప్పేవాడు. ప్రశ్న మార్చితే జవాబు మారినది. కొత్త బోరు జాగా ఆయన చెప్పినదే.

రెండవది, వంటశాల గోడకు నల్లబల్ల కట్టించినాను. ప్రతి సాయంత్రం ఎందరు పిల్లలు, బియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ఎంత అన్నది వ్రాయించినాను. మా గుమాస్తాకు దుఃఖం వచ్చింది. ‘నన్ను నమ్మరా సారూ?’ అన్నాడు. ఆయన బాధలో న్యాయం ఉన్నది. మన ప్రాంతంలో లెక్క అడగడమంటే మనిషిని అనుమానించడమే. నేను ఏమి చెప్పినా వినలేదు. మరునాడు బల్ల పైభాగాన నా నెల ప్రయాణ ఖర్చు నా చేతితోనే వ్రాసినాను. ఆ తరువాత ఆయన మారు మాట్లాడలేదు.

దసరా సెలవుల తరువాత ఒక దినం ఎనిమిదవ తరగతి పిల్లవాడు బల్ల ముందు నిలబడి, ‘సారూ, ఎనమండుగురు ఇంకా ఊరి నుండి రాలేదు, ఇక్కడ అరవై రెండు అని ఉన్నది’ అన్నాడు. యాభై నలుగురు ఉన్నారు. గుమాస్తా దొంగ కాడు, అలవాటు కొద్దీ నిన్నటి అంకె వ్రాసినాడు. ఎన్ని ఏండ్ల నుండి అట్లా వ్రాస్తున్నామో! నేను ఆ పిల్లవాణ్ణి అందరి ముందు మెచ్చుకొన్నాను. గుమాస్తాతో విడిగా మాట్లాడినాను. ఈ రెండు మాటలను తారుమారు చేస్తే ఆ బల్ల మరునాటికే మూలకు చేరేది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అన్నీ గోడకు ఎక్కించవలసినవి కావు. అదే ఉత్సాహంలో ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు కూడ బోర్డు మీద పెట్టించినాను. ఒక తల్లి వచ్చి కొంగు నోట కుక్కుకొని నిలబడింది. అదే రోజు తీయించివేసినాను. రోగి జబ్బు, పిల్లవాని బీదరికం, ఒక కుటుంబంలోని కష్టం, ఇవి గుట్టుగా ఉండవలసినవే. బలహీనుణ్ణి కప్పే గుట్టును కాపాడాలి, బలవంతుణ్ణి కప్పే గుట్టును విప్పాలి. ఏది ఏదో తేల్చుకొనడానికి నాకు ఇంతకంటె మంచి కొలత దొరకలేదు.

చివరి మనవి

నిర్వాహకులైన మీకు నాలుగు మనవులు చేసికొంటాను. మొదటిది, నిర్ణయం చేసే ముందు ఆ పని చేసే చేతిని అడగండి. మీ గదికి పిలిచి అడిగితే రాదు, ఆ మనిషి పనిచేసే చోటికి పోయి అడగండి. రెండవది, కమిటీలో అందరికంటె చిన్నవారిని మొదట మాట్లాడనివ్వండి. పెద్దలు మొదట మాట్లాడితే ఆ తరువాత వినిపించేది ప్రతిధ్వనే. మూడవది, ఖాళీలు, కొనుగోళ్లు, కానుకలు, ఖర్చులు అందరికీ ఒకే దినాన తెలియజేయండి. మీ సొంత ఖర్చు మొదట వ్రాయండి. నాల్గవది, చెడ్డ వార్త తెచ్చినవానికి ముందు కృతజ్ఞత చెప్పండి, కారణాలు తరువాత అడగండి. ఒక్కసారి కసిరితే ఆ వార్త మళ్లీ మీ గడప తొక్కదు.

మర్యాదను విడువమని నేను అనడం లేదు. మన ఇండ్లు, మన సంఘాలు దాని మీదనే నిలిచి ఉన్నవి. మర్యాద మనిషికి ఇద్దాము. లెక్క మాత్రం అందరికీ చెందినది.

ఆ పిల్లవాని సంగతి చెప్పి ముగిస్తాను. 1995లో మహబూబ్‌నగరు బస్టాండులో ఒక కూలీల గుంపు మూటలతో కూర్చొని ఉన్నది. అందులో నుండి ఒక యువకుడు లేచి వచ్చి ‘దండాలు సారూ, గుర్తుపట్టిన్రా?’ అన్నాడు. జిల్లా ఆసుపత్రిలో రెండు రాత్రులు నేను చూచిన ముఖం. ఎక్కడికి అంటే దూరదేశంలో ఏదో కాలువ పని అన్నాడు. ‘మేస్త్రీ దగ్గర నీ లెక్క ఎంత ఉన్నదో తెలుసునా?’ అని అడిగినాను. నవ్వి, ‘ఆఖరుకు చెప్తరు సారూ’ అన్నాడు.

బడిలో ఉండవలసినవాడు ఆ గుంపులో ఉండడానికి ఒక కారణం నేను చేసిన నిర్ణయం. నేను అడుగని ప్రశ్నకు ఆ బిడ్డ అంత మూల్యం చెల్లించినాడు. ఈ శతాబ్ది సంవత్సరంలో మన సంస్థలలో ఏ ఒక్కరికీ ‘ఆఖరుకు చెప్తరు’ అనే మాట మిగలకుండా చేయాలని కోరుతున్నాను.